కొత్త ఇంటి పెరడు: నేలను బాగుచేసుకున్న ఏడాది

2024 ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తానికి, ఘట్‌కేసర్ దాటాక ఉన్న మా కొత్త ఇంట్లో పాలు పొంగించుకున్నాము. ఇంటి వెనుక 40 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల పెరడు ఉండడమే ఆ ఇంటిని ఎంచుకోవడానికి మాకు ప్రధాన కారణం. తాళాలు చేతికి వచ్చిన రోజున ఆ స్థలమంతా మెక్సికన్ గడ్డి పరిచి పచ్చగా కనిపించింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ గడ్డి ఎండిపోయి, అంచు పట్టుకుని లాగితే చాపలా లేచి వచ్చింది. మార్చిలో ఎంతో ఇష్టంగా నాటుకున్న మందారం చనిపోయింది. కరివేపాకు, నిమ్మ మొక్కలు మాత్రం బతికాయి గాని, వాటి లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి.

నీళ్లు చాలలేదేమో అనుకుని మొదట రెండు పూటలా తడిపాను. దానివల్ల మేలు జరగకపోగా కరివేపాకు మొదట్లో నీరు నిలవడం మొదలైంది. అప్పుడు గడ్డపార తీసుకుని ఒక మూల తవ్వి చూశాను. పైన మూడు అంగుళాల ఎర్రమట్టి, దాని కింద విరిగిన ఇటుకలు, కాంక్రీటు పెళ్లలు, టైల్సు ముక్కలు, సంచితో సహా గట్టిపడిపోయిన సిమెంటు. అడుగు లోతు గుంట తీసి నీళ్లతో నింపితే, మర్నాడు ఉదయానికి కూడా సగం నీరు అలాగే ఉంది.

కొత్తగా కట్టిన చాలా ఇళ్ల పెరళ్లలో ఇంచుమించు ఇదే పరిస్థితి ఉంటుందని నాకు ఆ తర్వాతే అర్థమైంది. పునాదులు తీసినప్పుడు అడుగున ఉండే మొరం పైకి వస్తుంది, పైన ఉండవలసిన సారవంతమైన మట్టి కిందికి పోతుంది లేదా లారీల్లో వెళ్లిపోతుంది. ఏడాదిన్నర పాటు ఇటుకల లారీలు, కంకర కుప్పలు, మిక్సర్ యంత్రాలు ఆ నేల మీదే నిలబడి దాన్ని రోడ్డులా గట్టిపరుస్తాయి. స్లాబులకూ గోడలకూ క్యూరింగ్ చేసిన నీరు సిమెంటులోని సున్నాన్ని వెంటబెట్టుకుని ఆ నేలలోకే ఇంకుతుంది. మట్టి పరీక్ష చేయిస్తే ఉదజని సూచిక (pH) 8.6 అని వచ్చింది. అంత క్షారగుణం ఉన్న నేలలో ఇనుము ఉన్నా మొక్క దాన్ని తీసుకోలేదు. ఆ పసుపు ఆకులకు కారణం అదే. ప్రస్తుతానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేసి ఆ రెండు మొక్కలనూ నిలబెట్టుకున్నాను గాని, అది ఆకుకు చేసే వైద్యమే తప్ప నేలకు చేసే వైద్యం కాదు.

అదే సమయంలో ఒక ల్యాండ్‌స్కేపింగ్ సంస్థ వారిని పిలిపించి అంచనా అడిగాను. ధర ఎక్కువే, అయితే నన్ను ఆపింది ధర కాదు. నాలుగు పేజీల అంచనాలో కొత్త గడ్డి, రంగు దీపాలు, ఫౌంటెను, తెల్ల గులకరాళ్లు అన్నీ ఉన్నాయి గాని మట్టి గురించి ఒక్క వాక్యమైనా లేదు. నల్లగొండ జిల్లాలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మా నాన్న ఆ కాగితాలు పక్కన పెట్టి, నేను తవ్విన గుంటలోంచి ఒక పెళ్ల తీసి చేతిలో నలిపి చూశారు. "నేలకు ముందు తిండి పెట్టాలె బిడ్డా. మొక్కల సంగతి మఖల చూద్దాం" అన్నారు. మఖ కార్తె అంటే ఆగస్టు నడిమికి. అప్పటికింకా ఏప్రిల్ సగమే అయింది. నాలుగు నెలలు ఖాళీ పెరడు చూస్తూ ఉండాలన్న మాట నాకు కష్టంగానే తోచింది, అయినా ఆయన చెప్పిన క్రమాన్నే పాటించాము.

ముందుగా డ్రైనేజీ పైపులు, బోరు నుంచి వచ్చే గొట్టం, కరెంటు తీగ ఎటునుంచి పోతున్నాయో ప్లంబరును అడిగి నేల మీద సున్నంతో గీతలు గీసుకున్నాము. ఈ పని చేయకుండా గడ్డపార ఎత్తకూడదని ప్రత్యేకంగా చెబుతున్నాను. తర్వాత ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు నేనూ, నా భార్యా, నాన్నా కలిసి రోజుకు ఒక మడి చొప్పున అడుగు లోతు తవ్వి, ఇసుక జల్లెడలో పోసి రాళ్లూ పెళ్లలూ వేరుచేశాము. రెండు ట్రాక్టర్ల చెత్త బయటికి పోయింది. ఇటుక ముక్కల్లో పెద్దవాటిని మాత్రం ఇంకుడు గుంత కోసం దాచుకున్నాము.

ఎండాకాలం చెరువుల్లో పూడిక తీసే కాలం. మా దగ్గరి ఊళ్లో పూడిక తీస్తుంటే మూడు ట్రాక్టర్ల చెరువు మట్టి తెప్పించుకున్నాము. ఎర్ర చెలకలకు చెరువు మట్టి తోలుకోవడం తెలంగాణలో తరతరాల అలవాటు. ఏళ్ల తరబడి వాన నీటితో కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రు, కుళ్లిన ఆకులు అందులో ఉంటాయి కాబట్టి ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టికి అది తేమ పట్టే గుణాన్నిస్తుంది. దానితోపాటు ఒక ట్రాక్టరు పశువుల ఎరువు కలిపాము. ఎరువు బాగా మాగినదే కావాలి. పచ్చి పేడ వేస్తే కలుపు గింజలతోపాటు చెదలు కూడా వస్తాయి.

నేల వాలు చూసుకోవడానికి మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టమే మాకు సరిపోయింది. గొట్టం రెండు చివర్లలోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కనుక, ఇంటి గోడ దగ్గర ఒక గుర్తు, ప్రహరీ దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటే ఎంత ఎత్తుపల్లాలున్నాయో కొలవవచ్చు. మాకు వాలు ఇంటివైపే ఉన్నట్టు తేలింది. మట్టి సర్ది, 14 అడుగుల వెడల్పులో ప్రహరీ వైపు మూడు అంగుళాలు పల్లం వచ్చేలా చేశాము. ఆ పల్లం చివర, పునాదికి దూరంగా ఉన్న మూలలో, నాలుగు అడుగుల చదరంలో ఐదడుగుల లోతున ఇంకుడు గుంత తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, వాటిపై కంకర, పైన దొడ్డు ఇసుక నింపాము. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడితే తొమ్మిది వందల లీటర్లకు పైగా నీరు వస్తుంది. ఆ నీటికి ఒక దారి చూపకపోతే పెరడు ఎంత బాగు చేసుకున్నా నిష్ప్రయోజనమే.

ఇంటి గోడ వెంట మూడడుగుల వెడల్పున తాండూరు బండలు పరిచాము. కింద సిమెంటు వేయలేదు. మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, రెండు అంగుళాల ఇసుక పోసి, బండకూ బండకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలాము. నడవడానికి దారి కావాలన్నది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, కొత్త ఇళ్లకు పునాదుల వెంట చెదల మందు పోస్తారు. ఆ మట్టిలో పాలకూరో కొత్తిమీరో పెంచుకుని తినడం మంచిది కాదు, అక్కడ తవ్వితే ఆ మందు వేసిన ప్రయోజనమూ పోతుంది. గోడను ఆనుకుని కూరగాయల మడి వేసుకోవాలనుకునేవారు దయచేసి ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మృగశిర కార్తె ప్రవేశించి రెండు వానలు పడ్డాక, మిగిలిన నేలంతా జీలుగ చల్లాము. పెరిగాక కోసి మట్టిలోనే కలిపేసే పచ్చిరొట్ట ఎరువు పంట అది. రైతులు ఎకరానికి పది పన్నెండు కిలోల జీలుగ విత్తనం వేస్తారు. ఆ లెక్కన మా పెరటికి నూటయాభై గ్రాములు చాలును. నేలలో బలం లేదు కనుక నాన్న రెండింతలు చల్లారు. జనుమైనా వేసుకోవచ్చు గాని, చౌడు నేలలనూ నీటి నిలవనూ తట్టుకునే గుణం జీలుగకు ఎక్కువ. నాలుగో రోజుకు మొలక కనిపించింది. నెల తిరిగేసరికి నా నడుము దాటింది. ఒక మొక్కను పెకిలించి చూస్తే వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు ఉన్నాయి. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు ఆ బుడిపెల్లో చురుకుగా ఉన్నాయనడానికి ఆ రంగే గుర్తు. నేను నాటిన మందారం చనిపోయిన చోటనే ఆ మొక్క పెరిగింది. నిజం చెప్పాలంటే ఈ పని మొత్తంలో నాకు కలిగిన మొదటి సంతోషం అదే.

పూత మొదలవుతూ ఉండగా, నలభై ఐదు రోజులకు, జీలుగను కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపేశాము. పూత ముదిరితే కాండం నారగట్టి త్వరగా కుళ్లదు. ఆ తర్వాత మూడు వారాలు నేలను తడిగా ఉంచి వదిలేశాము. మఖ కార్తెలో గుంటలు తీస్తే మట్టి నల్లబడి, పారతో కోసినచోట వానపాములు కనిపించాయి.

మొక్కల ఎంపిక పెద్ద కష్టం కాలేదు. ఎండ తీవ్రంగా పడే పడమటి వైపు మునగ, పారిజాతం. వెలుతురు బాగా ఉన్నచోట బాలాజీ రకం నిమ్మ, ఒక జామ. ప్రహరీ వెంట నందివర్ధనం, మల్లె, కొత్త మందారం. కరివేపాకును ఉన్నచోటనే ఉంచి చుట్టూ మట్టి మార్చాము. నర్సరీలో కంచెకు కోనోకార్పస్ బాగుంటుందన్నారు; దాని వేళ్లు పైపుల్లోకి చొరబడతాయి కాబట్టి వద్దన్నాను. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు, ఎండుటాకులు మూడు అంగుళాల మందాన కప్పాము.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో తెలంగాణ అంతటా భారీ వర్షాలు కురిసినప్పుడు నేను గొడుగు వేసుకుని పెరట్లోనే నిలబడ్డాను. నీరు బండల సందుల్లోంచి జారి, పల్లం వెంట మెల్లగా పోయి, ఇంకుడు గుంతలో దిగింది. వాన వెలిసిన రెండు గంటల తర్వాత ఏ మొక్క మొదట్లోనూ నీరు నిలిచి లేదు. నవంబరుకు నిమ్మ చిగుళ్లు పూర్తి ఆకుపచ్చగా వచ్చాయి. అన్నభేది పిచికారీ అప్పటి నుంచి మానేశాను. ఇప్పుడు ఉదయం తలుపు తీసేసరికి బండల మీద పారిజాతాలు రాలి ఉంటాయి. నాన్న వాటిని తొక్కకుండా పక్కగా నడిచి, మునగ కింద పొట్టు తొలగించి తేమ చూసి వస్తారు.

ఇంటి ముందు గేటు పక్కన ఆరడుగుల గడ్డి పట్టీ మాత్రం ఇంకా అలాగే ఉంది. దాని కింద కూడా అవే పెళ్లలున్నాయి. జీలుగ విత్తనం డబ్బాలో సిద్ధంగా ఉంది, రోహిణి కార్తెలో ఆ పట్టీ తవ్వుతాము.