ఒక్కసారే చదివాను

1982లో నేను మద్రాసులో, మన బడిలోనే ప్లస్ వన్ (పదకొండో తరగతి). మన తెలుగు మీడియం సెక్షనులో అప్పటికే పట్టుమని ఇరవై మందిమి లేం. తెలుగు మాస్టారు ఆదివారాలు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్‌కి వెళ్ళి పాత పుస్తకాలు ఏరుకొచ్చేవారు. సోమవారం అందులో ఒకటి మాలో ఎవరో ఒకరి చేతిలో పెట్టేవారు. నా వంతుకి వచ్చింది గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’.

మద్రాసు చూలై పేటలో మా నాన్న నడిపిన కిరాణా కొట్టు ఆ ఏడాదే మూతపడింది. అడిగినవాళ్ళకల్లా చేబదుళ్ళు ఇచ్చారు. ఊరినుంచి వచ్చినవాళ్ళకి హామీ ఉన్నారు. కొట్టు తాళంచెవి మాత్రం ఇంకా మొలతాడుకే ఉండేది. ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

నవలలో సీతారామారావు కూడా అంతే. చనిపోతూ తండ్రి చెప్పిన వంశప్రతిష్ఠ మాట పట్టుకుని, ఉన్నదంతా చేజార్చుకుంటాడు. ఆ తర్వాత ప్రతిదాన్నీ ప్రశ్నిస్తాడు, భార్యనీ, లోకాన్నీ, తననీ. రామయ్య తాత చెప్పే మంచిమాటలూ అతనికి ఎక్కవు. గోపీచంద్ ఎక్కడా అతని మీద జాలి కురిపించడు. చిన్న చిన్న వాక్యాలు. ప్రశ్న, జవాబు, మళ్ళీ ప్రశ్న. మనల్ని ఏడవనివ్వడు, పక్కకి తప్పుకోనివ్వడు. ఒక మనిషి లోపల్నించి కూలిపోవడాన్ని అంత దగ్గరగా చూపించిన తెలుగు నవల నేనింకొకటి చదవలేదు.

నాన్న హాల్లో చాప మీద పడుకున్నారు. నేను వంటింటి లైటు కింద చదువుతున్నాను. సీతారామారావు శ్మశానం చేరేసరికి రాత్రి రెండు దాటింది. పుస్తకం గచ్చు మీద బోర్లించి, వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. బనీను కదులుతోందా అని చూశాను. కదులుతోంది. చాలాసేపు చూశాక గానీ నమ్మకం కుదరలేదు. అప్పుడొచ్చి మిగతా పేజీలు పూర్తి చేశాను.

మర్నాడు పుస్తకం తిరిగివ్వబోతే మాస్టారు నా మొహం చూసి, “ఎలా ఉందిరా?” అన్నారు. “చాలా గొప్పగా ఉందండీ. మళ్ళీ చదవలేను” అన్నాను. ఆయన పుస్తకం తీసుకోలేదు. “ఉంచుకో. నాన్నగారు ఏం చేస్తున్నారు?” అన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, నాన్నతో గంటసేపు మిరపకాయల ధరల గురించి మాట్లాడి వెళ్ళారు. కొట్టు పోయాక నాన్న అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

వయసు మీద పడ్డాక మళ్ళీ చదివితే వేరేగా కనిపిస్తుందని స్నేహితులంటారు. వేరే పుస్తకాల విషయంలో నిజమే, చాలావాటిని మూడేసిసార్లు చదివాను. దీన్ని మాత్రం ఎవరు అడిగినా చదవమనే చెబుతాను, నేను తెరవను. అందులో ఒక్క వాక్యం కూడా తక్కువ చేసి మాట్లాడలేను. ఆ రాత్రి వంటింట్లోకి మళ్ళీ వెళ్ళలేను, అంతే.

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. మాస్టారూ లేరు, నాన్నా లేరు. మన పూర్వ విద్యార్థుల ఈ సమావేశానికి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని మన బడి గ్రంథాలయానికి తెస్తున్నాను. మొన్న కొత్త అట్ట వేద్దామని తీశాను. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ దాన్ని తన తండ్రికి అంకితమిచ్చాడు. ఆ పేజీ దాకా చూసి, మూసి, అట్ట వేశాను.