ఆరు పలకల రాయి ముంచింది

జియాలజీ ఇంటర్నల్ ప్రాక్టికల్‌లో నాకొచ్చిన రాయి చూడముచ్చటగా ఉంది. ఆరు పలకలు, పైన మొన. ఇంత నున్నగా ఉందంటే క్లీవేజ్, అంటే కొన్ని దిక్కుల్లో నున్నగా విరిగే గుణం, బాగున్నట్టేనని "ఆరు దిక్కుల్లో క్లీవేజ్" అని రాసేశాను. అది పలుగురాయి, క్వార్ట్జ్. దానికి చెప్పుకోదగ్గ క్లీవేజే ఉండదు. ఆ పలకలు రాయి పెరిగేటప్పుడు వచ్చినవి, పగిలితే వచ్చినవి కావు. పైగా ఎదురెదురు పలకలు ఒకే దిక్కు లెక్క, ఆరు ఎలా అవుతాయి? మార్కులు సున్నా.

ఫైనల్‌కి నెల ఉంది. హన్మకొండలో మా వీధి చివర ఇల్లు కడుతున్నారు, పునాదికి గ్రానైట్ దింపారు. రాళ్లు కొట్టే తాతని ముక్కలడిగాను.

"తీస్కో బిడ్డా. గులాబి రంగుది సక్కగ పగుల్తది. పలుగు ఎట్ల గొట్టినా వంకరనే."

నా నోట్సులో రెండు పేజీలున్న సంగతి అది.

రోజూ ఆ ముక్కల్ని ఎండలో తిప్పి చూసేదాన్ని. గ్రానైట్‌లోని ఆ గులాబి ఖనిజం పేరు ఫెల్డ్‌స్పార్. ఒక కోణంలో దాని గింజ మొత్తం అద్దంలా తళుక్కుమంటుంది, ఇంకాస్త తిప్పితే ఆరిపోతుంది. పక్కనున్న పలుగు గింజ పగిలిన సీసా అంచులా వంపులు తిరిగి ఉంటుంది, అలా ఒక్కసారిగా మెరవదు. నల్ల అభ్రకం గోటితో గీరితే పొరలుగా లేస్తుంది. పొరలోపల బంధాలు గట్టివి, పొరకీ పొరకీ మధ్య బలహీనమైనవి.

నన్ను బాగా సతాయించింది ఫెల్డ్‌స్పారే. క్వార్ట్జ్‌లో సిలికాన్, ఆక్సిజన్ అన్ని వైపులా అల్లుకుని ఉంటాయి, అందుకే ఫలానా చోట విరగాలని లేదు. సరే, ఫెల్డ్‌స్పార్‌లోనూ అలాంటి అల్లికే కదా, మరి అదెందుకు నున్నగా విరుగుతుంది? రెండు రోజులు బుర్ర తిన్నాక తేలింది: దాని అల్లికలో రెండు దిక్కుల్లో ఉన్న తలాల్ని దాటే బంధాలు తక్కువ. విరిగేది అక్కడే.

సున్నపురాయిలో ఉండే ఖనిజం కాల్సైట్. దాని ముక్కని ల్యాబ్‌లో పగలగొడితే అన్నీ ఏటవాలు పెట్టెలే, పలకకీ పలకకీ మధ్య దాదాపు 75, 105 డిగ్రీల కోణాలతో. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో అయుయి (Haüy) అనే ఖనిజ శాస్త్రవేత్త ఇలాంటి ముక్కలు చూసే, స్ఫటికాలు చిన్న చిన్న ఒకేలాంటి దిమ్మెలతో కట్టినవై ఉంటాయని ఊహించాడు.

ఫైనల్లో తెల్ల రాయి ఇచ్చారు. టెన్షన్‌తో చేతులు వణికాయి. కిటికీ దగ్గరికెళ్లి తిప్పాను. రెండు మెరుపులు, మధ్య దాదాపు లంబకోణం. బ్లేడుతో గీస్తే గీత పడలేదు, యాసిడ్ చుక్కకి కాల్సైట్‌లా పొంగలేదు. ఫెల్డ్‌స్పార్ అని రాశాను. రెండోది మళ్లీ అదే ఆరు పలకల రాయి. ముందు దాని విరిగిన అడుగు చూశాను.