తొడ కొలత ఒకటే, కండ ఒకటి కాదు

ఇంటర్ యూనివర్సిటీ సెలెక్షన్స్ దగ్గరపడ్డాయంటే అనంతపురం గ్రౌండ్లలో పిల్లలంతా తూకం మిషన్ చుట్టూ చేరతారు. కబడ్డీకో జూడోకో బరువు పరిమితి తెలుసుకోడానికి అది చాలు. ఆ బరువులో కండ ఎంత, ఆ కండలో సత్తువ ఎంత అన్నది మాత్రం మిషన్ చెప్పదు. ఎత్తుకు బరువు ఎంత ఉందో చూసే బీఎంఐ లెక్క కూడా అంతే. 170 సెం.మీ. ఎత్తు, 72 కిలోల బరువున్న రెజ్లర్‌కు 24.9 వస్తుంది. మన దేశంలో వాడే లెక్కలో 23 దాటితే అధిక బరువు కింద రాసేస్తారు.

కొలవాల్సింది తొడ. గజ్జ మడతకూ మోకాలిచిప్ప పై అంచుకూ సరిగ్గా మధ్యలో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. బరువు రెండో కాలి మీద వేసి, కొలిచే కాలు వదులుగా ఉంచాలి. టేపు చర్మాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. తర్వాత గుర్తు దగ్గరే, తొడ ముందువైపు, చర్మాన్ని కింది కొవ్వుతో సహా రెండు వేళ్లతో ఎత్తిపట్టి, వేళ్లకు 1 సెం.మీ. దూరంలో కాలిపర్ (మడత మందం కొలిచే పట్టుకారు లాంటి పరికరం) పెట్టి 2 సెకన్లలో అంకె చూసుకోవాలి. ఆలస్యమైతే కొవ్వు నలిగి అంకె పడిపోతుంది. మూడుసార్లు తీసి మధ్య అంకె రాసుకోండి.

ఇప్పుడు లెక్క. కాలిపర్ చూపిన చర్మం మడత మందాన్ని సెం.మీ.లోకి మార్చి, 3.14తో గుణించి చుట్టుకొలతలోంచి తీసేయాలి. చుట్టుకొలత 54 సెం.మీ., మడత 12 మి.మీ. అయితే మిగిలేది 50.2. అదే 54 ఉన్న ఇంకో కుర్రాడికి మడత 20 మి.మీ. ఉంటే 47.7 మాత్రమే. టేపుకు ఇద్దరూ ఒకటే! మిగిలిన అంకెను దానితోనే గుణించి 12.57తో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం వస్తుంది: మొదటివాడికి సుమారు 201 చదరపు సెం.మీ., రెండోవాడికి 181. ఎముక కూడా ఇందులోనే కలిసి ఉంటుంది, కాబట్టి ఇది ఉజ్జాయింపే.

కండ నాణ్యత అంటే ఆ వైశాల్యానికి తగ్గ బలం. భుజాల మీద బరువుతో కూర్చుని లేచే స్క్వాట్‌లో 80 కిలోలు 5 సార్లు సరైన లోతుకు దిగి లేస్తే, ఒక్కసారి ఎత్తగలిగేది దాదాపు 93 కిలోలు. దాన్ని 201తో భాగిస్తే 0.46. ఈ అంకెతో ఇద్దరు ఆటగాళ్లను పోల్చవద్దు, ఒకే మనిషిని నెలనెలా పోల్చండి. వైశాల్యం పెరిగి అంకె తగ్గుతోందంటే సైజు వస్తోంది, బలం వెంట రావడం లేదు. రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తామన్న లెక్క) పెంచుకుంటూ పోయి బరువు పెంచనివాళ్లలో ఇది మామూలే. కొత్తగా జిమ్‌కొచ్చినవాళ్లకు మొదటి ఆరేడు వారాల్లో వైశాల్యం కదలకుండానే అంకె పెరుగుతుంది. అది నరాలు కండను బాగా వాడుకోవడం నేర్చుకున్నందువల్ల.

తప్పులు ఎక్కువగా జరిగేది సమయం దగ్గర. లెగ్ డే (కాళ్ల వ్యాయామం చేసే రోజు) మర్నాడు కండ వాచి ఉంటుంది, రెండు మూడు రోజులు ఆగండి. చెమట మీద కాలిపర్ జారుతుంది. ఈ నెల పీడీ సార్, వచ్చే నెల ఇంకొకరు కొలిస్తే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడానికే లేదు.

జిమ్‌లో రెండు కాళ్లు పెట్టి నిలబడే బాడీ కాంపోజిషన్ మిషన్‌ను ఏప్రిల్, మే నెలల్లో అసలు నమ్మకండి. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి లెక్క కడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువ చూపిస్తుంది, ప్రాక్టీస్ అవగానే వేడి ఒంటితో నిలబడితే తక్కువ చూపిస్తుంది. వాడక తప్పకపోతే పొద్దున్నే, పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక చూసుకోండి.

తిండి విషయానికొస్తే, 60 కిలోల ఆటగాడికి కిలోకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 96 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లు, 50 గ్రాముల శెనక్కాయ విత్తనాలు, గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు, రెండు పూటలా చిక్కటి పప్పు, ఓ గ్లాసు పాలు, సంగటి, అన్నం అన్నీ కలిపినా 75 దగ్గర ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి హాస్టల్ పిల్లలకు అందుబాటులో ఉండేది మీల్ మేకర్: పొడిగా 50 గ్రాములు తూచి వండుకుంటే 25 గ్రాములు వస్తుంది.

అమ్మాయిల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. బరువు తగ్గే క్రమంలో నెలసరి వరసగా మూడు నెలలు ఆగిపోతే అది ఫిట్‌నెస్ గుర్తు కాదు, ఒంటికి తిండి చాలడం లేదు. అలాగే వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి. తగ్గించడం అక్కడితో ఆపి, ముందు గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.