మాష్టారి గూళ్ళ లెక్క

మన బడి పూర్వ విద్యార్థుల సభ సంచికకు వ్యాసం పంపమని కోరిన నిర్వాహక సంఘంవారు, మీ నాన్నగారి గురించి రాయకపోతే అచ్చు వేయబోమని కూడా హెచ్చరించారు. ఆ హెచ్చరిక అవసరం లేదు. ఎనిమిదో తరగతి ఎలా గడిచిందో, తొమ్మిదిలో ఏం చదివామో నన్నడిగితే చెప్పలేను గాని, సైన్సు మాష్టారైన మా నాన్న వెంట, పక్షులు గూళ్ళు కట్టే తేలినీలాపురం వెళ్ళిన ఆదివారాలు మాత్రం నిన్నమొన్నటివిలా ఉన్నాయి.

బడిలో ఆయనను నాన్నా అని పిలవకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. దాని మూలంగా మన తరగతిలో పెసరట్టు జట్టని పిలుచుకున్న నేస్తాలకు నేనెంత అలుసయ్యానో వారే సభలో చెబుతారు. తరగతిలో మితంగా మాట్లాడే ఆ మనిషి చెట్టూ చెరువూ కంటపడితే భోజనం వేళ కూడా మరచేవారు. పర్లాకిమిడి రాజావారి హయాంలో 1900లో మొదలైన చిన్న రైలు టెక్కలిలో ఎక్కించి, నౌపడాలో దించి, ఉప్పుమడుల గట్ల వెంబడి ఎండలో నడిపించేవారు. పకోడీల ఖర్చు ఆయనదే కనుక ఎవరమూ సణిగేవాళ్ళం కాము.

తేలినీలాపురంలో చింతచెట్ల కింద రెట్టలతో తెల్లబడిన ఆకుల మీద, ముక్కుకు తువ్వాలు కట్టుకొని కూర్చోబెట్టి, చెట్టుకొకరి చొప్పున గూళ్ళు లెక్కపెట్టించేవారు. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తినడం మొదటిసారి చూసినవాడు, తల్లి పిల్లను మింగేస్తోందని కేకపెట్టాడు. ఎవరో రాయను, అతను ఇప్పుడు పెద్ద డాక్టరు.

ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెప్పేది, మనమూ పరీక్షలో అదే రాశాం. మాష్టారు మార్కులు కొట్టేసి, "ఒరే గుంటా, చలికి పారొచ్చిన పక్షైతే ఇక్కడ గూడెందుకు కడతాది?" అని అడిగారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశపు పక్షులేననీ, పిల్లలను పెంచడానికే ఇక్కడికి చేరతాయనీ ఆయన వాదన. ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టేనని ఊరి పెద్దలు అనేమాట విన్నప్పుడు మాత్రం, సైన్సు వాళ్ళ పక్షానే ఉందని మురిసిపోయేవారు.

నాకు జ్వరం తగిలిన ఏడాది ఆయన ఒక్కరే వెళ్ళి, ప్రతి చెట్టునూ కాగితం మీద గీసి, గూళ్ళను చుక్కలుగా పెట్టి తెచ్చి, మంచం పక్కన కూర్చుని నాచేత లెక్కపెట్టించారు. కషాయం తాగితేనే రెండో చెట్టు. ఆ కాగితం కషాయం మరకలతో సహా నా దగ్గర ఉంది.

తరవాత కాకినాడ, ఉద్యోగం, పెళ్ళి. అవన్నీ అందరికీ జరిగేవే. ఇరిగేషన్ శాఖలో చేరి, వంశధార కాలువల పనులు చేసి, సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. గొట్టా బ్యారేజీ చూపిస్తానని జీపులో తీసుకువెళితే, నేను గేట్ల గురించి వివరిస్తున్నంతసేపూ ఆయన దిగువన నీటికాకులను చూస్తూ నిలబడ్డారు. తిరిగి జీపు ఎక్కాక మాత్రం డ్రైవరుతో, "మావాడు కట్టించిన కాలవ ఎటుందయ్యా, అటు పోనియ్" అన్నారు.

ఆయన నోటుపుస్తకాలన్నీ టైపు చేయించాను, సభకు తెస్తున్నాను. ఎవరు లెక్కపెట్టిన చెట్టు ఏదో పేర్లతో సహా ఉంది. పెసరట్టు జట్టు లెక్కపెట్టిన చెట్టు దగ్గర మాత్రం "మళ్ళీ లెక్కించవలెను" అని ఎర్రసిరాతో రాసి ఉంది.