రాతి పనివాళ్లం అలివి తాడు పట్టిన రోజు

చీమకుర్తిలో మేము కోసి, పాలిష్ పట్టి, విదేశాలకు పంపే రాయికి వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ అని పేరు. నల్లని రాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే ఈ గ్రానైటు ఒక్కొక్క బ్లాకు ఇరవై టన్నుల దాకా తూగుతుంది. దాన్ని గ్యాంగ్‌సా అనే పలు బ్లేడ్ల రంపం కింద పలకలుగా కోసేవారు ఒక షెడ్డులోనూ, పాలిష్ పట్టేవారు మరొక షెడ్డులోనూ, కంటైనర్లకు ఎక్కించేవారు ఎండలోనూ పనిచేస్తారు. ఆర్డర్లు, బిల్లులు, ఎగుమతి కాగితాలు చూసే మేము ఏసీ గదుల్లో ఉంటాము. ఒకే గేటు నుంచి లోపలికి వస్తున్నా ఆఫీసు వాళ్లకు షెడ్డు వాళ్లు ఫోనులో వినిపించే గొంతులు మాత్రమే; షెడ్డు వాళ్ల దృష్టిలో ఆఫీసంటే సాయంత్రం నాలుగింటికి హడావుడి పెట్టే చోటు.

అందరినీ కలిపి ఒక యాత్రకు తీసుకువెళ్లే బాధ్యత సిబ్బంది వ్యవహారాలు చూసే నా మీద పడినప్పుడు యాజమాన్యం ముందు కొన్ని షరతులు పెట్టాను. సెలవు రోజున కాక పనిరోజున వెళ్లాలి, ఆ రోజు కూలి ఇవ్వాలి, కాంట్రాక్టు మీద వచ్చే లోడింగు వాళ్లను వదిలిపెట్టకూడదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ వారానికి ఒక సెలవు ఇవ్వాలన్నది నియమం. ఆ ఒక్క రోజూ ఇంటి పనులకు చాలని మనిషిని ఆటల పేరుతో బస్సెక్కించి, పైగా సంతోషంగా కనిపించమనడం నాకు న్యాయంగా తోచదు. కోత మొదలైన బ్లాకును మధ్యలో వదలడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక రంపాలన్నీ ఖాళీ అయ్యే రోజు చూసి ప్రయాణం పెట్టుకున్నాము.

మైకు పట్టుకొని ఆటలాడించే ఒక నిర్వాహకుడు కూడా మమ్మల్ని కలిశాడు. కళ్లు మూసుకొని వెనక్కి పడితే తోటివారు పట్టుకోవాలనే ఆట అతని జాబితాలో మొదటిది. అది విని మా క్రేను ఆపరేటరు నవ్వాడు. తల మీదుగా బ్లాకు వెళ్తుంటే కింద నిలబడి చేతి సైగలు చేసే హెల్పరుకు నమ్మకం గురించి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేదు. ఆ నిర్వాహకుడికి నమస్కారం పెట్టి పంపించాము.

తెల్లవారకముందే ఒంగోలు దాటి, టంగుటూరు, సింగరాయకొండ మీదుగా కావలిలో టీ తాగి, కోవూరు తర్వాత పెన్న వంతెన దాటి నెల్లూరు చేరాము. బస్సుల్లో ఎవరి విభాగం వారు ఒక గుంపుగానే కూర్చున్నారు. సీట్లు మార్చి కూర్చోబెడదామని మా జూనియర్ ఒకరు అన్నారు గాని నేను ఒప్పుకోలేదు. కలవమని ఆజ్ఞాపిస్తే కలిసేవారు ఎక్కడా ఉండరు.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే దారిలో రొయ్యల గుంటలు, వాటిలో నీరు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు చాలా దూరం కనిపిస్తాయి. మేము తీరం చేరేసరికి మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. పడవ మీద వలను లోపలికి తీసుకుపోయి, సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపి, రెండు కొసల తాళ్లను ఒడ్డుకు చేరుస్తారు. ఒక్కొక్క తాడును ఒక్కొక్క జట్టు పట్టుకొని, లాగుతూ లాగుతూ రెండో జట్టు వైపు జరుగుతుంది. రెండు వైపులా లాగుడు సమంగా లేకపోతే వల ఒక పక్కకు ఒరిగి చేపలు జారిపోతాయి. తడిసిన తాడు ఇసుకతో కలిసి అరచేతిని గీరుతుంది. వెనక చివరన ఉన్నవాడు తాడును చుట్టగా పేర్చి మళ్లీ ముందుకు వచ్చి నీటి అంచున పట్టు పడతాడు. అలా వరుస తిరుగుతూనే ఉంటుంది.

కాసేపు చూశాక మా వాళ్లు తామూ పడతామన్నారు. జట్టులోని పెద్దాయన ఎగాదిగా చూసి, "పట్టండి సామీ, ఊరికే చెయ్యేసి నిలబడితే మాత్రం లాగినట్టు కాదు" అన్నాడు. బస్సులో విడివిడిగా కూర్చున్నవారు తాడు వెంట ఎవరికి ఖాళీ దొరికిన చోట వారు నిలబడ్డారు. మా అకౌంటెంటు ముందు, లోడింగు మేస్త్రి ఆయన వెనక. "హైలెస్సా" అన్న కేకకు ముందే లాగుతున్న అకౌంటెంటుతో మేస్త్రి, "సార్, అరుపు పడ్డాక లాగండి, ముందే లాగితే మీ నడుము పోతుంది" అని చెప్పాడు. రాయి ఎత్తే పనిలో ఆ మేస్త్రికి రోజూ తెలిసే విషయమే అది. కాని ఆయన నోటి నుంచి ఒక పని పాఠాన్ని ఆఫీసు మనిషి వినడం నేను చూడడం అదే మొదలు.

తాడు లాగే పని మీద ఒక పాత పరిశోధన ఉంది. మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతున్నదని 1913లో ప్రకటించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఒక కారణమైతే, గుంపులో తన కష్టం ఎవరికీ కనపడదన్న ధోరణి రెండో కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. మైపాడు జట్టులో ఈ రెండింటికీ విరుగుడు నాకు కనిపించింది. కేక అందరి బలాన్నీ ఒక క్షణానికి చేరుస్తుంది. వరుస తిరగడం వల్ల ప్రతివాడూ ఏదో ఒక సమయంలో అందరి కళ్లముందు, నీటి అంచున ఉంటాడు. వల ఒడ్డుకు వచ్చాక పడిన చేపల్లో ఎవరి వాటా ఎంతో ముందే తెలిసి ఉంటుంది. కంపెనీలు జట్టు స్ఫూర్తి అంటూ ఇచ్చే టీ షర్టుల్లో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

మధ్యాహ్నం మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసుతో భోజనం చేసి, సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాథస్వామిని దర్శించుకొని, నెల్లూరులోనే ఒక లాడ్జిలో దిగాము. అలవాటు కొద్దీ రాత్రి షిఫ్టు వాళ్లకు నిద్ర పట్టలేదు. వారు మేడ మీద చాపలు పరుచుకొని కూర్చుంటే ఎగుమతి కాగితాలు చూసే అమ్మాయి, మరికొందరు ఆఫీసు వాళ్లు కూడా చేరారు. లోడింగు కుర్రవాడు ఒకడు, "మేడమ్, పొద్దుటి నుంచి ఊరుకొని నాలుగింటికే బండి నింపమని ఎందుకు తరుముతారు?" అని అడిగాడు. చెన్నై ఓడరేవులో ఓడకు కంటైనరు చేరవలసిన గడువు ఉంటుందనీ, ఆ గడువు దాటితే సరుకు తర్వాతి ఓడ దాకా ఆగుతుందనీ, కొనుగోలుదారు నుంచి ఖరారు మధ్యాహ్నం దాటితే గాని రాదనీ ఆమె వివరించింది. కుర్రవాడు అంతా విని, "ఓడ తేదీ ముందే చెబితే ఆ మార్కు పలకలు గేటు దగ్గరే పేర్చి పెట్టుకుంటాం కదా" అన్నాడు. ఆమె దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఆ తేదీ ఆమె కంప్యూటరులోనే ఉన్నది.

ఉద్యోగి పనిలో మనసు పెట్టడం గురించి విలియం కాన్ 1990లో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో మొదటి మెట్టుగా చెబుతారు. వేసవి శిబిరంలో పిల్లలకు ఆటలు నేర్పేవారినీ, ఒక ఆర్కిటెక్టుల సంస్థలోని ఉద్యోగులనూ గమనించి ఆయన మూడు విషయాలు చెప్పాడు: చేసే పనికి అర్థం ఉన్నదనిపించాలి, మాట్లాడితే తనకు ముప్పు రాదనిపించాలి, పనికి పెట్టడానికి ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగిలి ఉండాలి. మేడ మీద ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న రెండోదానికి చెందుతుంది. షెడ్డులో సూపర్వైజరు ముందు ఆ మాట అడిగితే ఎదురు చెప్పినట్టు లెక్క. మూడోదాన్ని మాత్రం ఏ విహారయాత్రా ఇవ్వలేదు. వరుసగా రాత్రి షిఫ్టులు వేయకపోవడమొక్కటే దానికి దారి.

మర్నాడు ఉదయగిరి వెళ్లాము. కొండ మీది కోట ఎక్కడానికి కుర్రవాళ్లు ఉత్సాహపడ్డారు గాని, నాకు గుర్తుండేది ఊళ్లోని కొయ్య గరిటెల పనివారి ఇల్లు. అడవి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతున్న ఆడవాళ్ల దగ్గర మా పాలిష్ ఆపరేటరు చతికిలబడి, ఒక గరిటె అంచు మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చి, "ఇక్కడ ఇంకో నెంబరు పడాలక్కా" అన్నాడు. ఆమె ఆ చోటు వేలితో తడిమి, ఏమీ అనకుండా గరిటెను మళ్లీ రుద్దసాగింది. పాలిష్‌లో ముతక రాయి నుంచి సన్న రాయి దాకా నెంబర్లు ఎందుకు మారుస్తారో, ఒక నెంబరు దాటేస్తే గీత చివరి మెరుపులో కూడా ఎలా కనిపిస్తుందో అతడు అక్కడే మా అమ్మకాల విభాగం వాళ్లకు చెప్పాడు. పలకల మీద గీతలంటూ వచ్చే ఫిర్యాదులను కొన్నవారికి పంపే జవాబుల్లో ‘సాంకేతిక లోపం’ అని రాసేవారు వాళ్లే. ఆ లోపం ఏ నెంబరు దగ్గర పుడుతుందో వాళ్లు విన్నది ఉదయగిరిలో.

తిరుగు ప్రయాణం పామూరు, కనిగిరి, పొదిలి మీదుగా సాగింది. పొదిలి దాటాక బస్సులోనే చిన్న సమావేశం జరిగింది. ఓడల తేదీలను లోడింగు షెడ్డు గోడ మీద తెలుగులోనూ హిందీలోనూ రాసి పెట్టాలని, ఆ బోర్డు పని ఎగుమతి కాగితాల అమ్మాయీ మేస్త్రీ కలిసి చూడాలని అనుకున్నారు. అమ్మకాల విభాగం వారు నెలకొకసారి పాలిష్ షెడ్డులో ఒక పూట గడపాలన్న ప్రతిపాదనకు మేనేజరు గారు వెంటనే ఒప్పుకున్నారు. రాత్రి షిఫ్టుల వరుస గురించి అడిగినప్పుడు మాత్రం ఆలోచిద్దామన్నారు. ఆ మాటను నేను నోటుబుక్కులో తేదీ వేసి రాసుకొని, ఆయన చేత సంతకం పెట్టించాను. చీమకుర్తిలో దిగేసరికి లోడింగు మేస్త్రి బోర్డు ఏ గోడ మీద కట్టాలో కొలతలు తీయడానికి టేపు అడుగుతున్నాడు.