లాగుడు కన్నా ముందు కాళ్లు

హుస్సేన్‌సాగర్ మీద గాలి లేవకముందే కొత్త రోయింగ్ బ్యాచ్ పడవలతో నీళ్లలో దిగింది. అందరిదీ ఒకటే తప్పు: చేతులతో లాగేయడం. రోయింగ్‌లో, అంటే తెడ్లతో పడవ నడపడంలో, బలం కాళ్లది. ముందు కాళ్లతో తోయాలి, తర్వాత నడుము, చివర్లో చేతులు. తర్వాతి స్ట్రోక్ కోసం మొదటి స్థానానికి తిరిగి వెళ్లేటప్పుడు వరుస సరిగ్గా తిరగబడుతుంది: చేతులు, నడుము, కాళ్లు. ఇలా ఒకసారి తోసి తిరిగి వెళ్తే ఒక స్ట్రోక్. నిమిషానికి 20 స్ట్రోకులంటే ఒక్కోదానికి 3 సెకన్లు. సుమారు ఒక సెకను తోయడానికి, రెండు సెకన్లు తిరిగి వెళ్లడానికి. ఈ రెండు సెకన్లలో తొందరపడి జారే సీటును జరిపితే పడవ వేగం అక్కడే చస్తుంది.

ఇంకో తప్పు క్రాబ్, అంటే తెడ్డు నీళ్లలో ఇరుక్కుపోవడం. తెడ్డు ఇంకా నీళ్లలో ఉండగానే మణికట్టు తిప్పేస్తారు. బ్లేడు (తెడ్డు చివరి పలక) అడ్డంగా పడి నీటిలోకి దిగిపోతుంది, పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. ముందు పిడిని కిందికి నొక్కి బ్లేడును పైకి తీయాలి, ఆ తర్వాతే తిప్పాలి. స్కల్లింగ్‌లో, అంటే చేతికో తెడ్డు పట్టి నడిపేటప్పుడు, చేతులు ఒకదానిపై ఒకటి దాటుతాయి. ఎడమది పైన, కుడిది కింద అని మొదటి రోజే అలవాటు చేయాలి. లేకపోతే గోళ్లు వేళ్లను చీల్చేస్తాయి.

పడవ దించే ముందు రిగ్గర్ (తెడ్డును మోసే పక్క చట్రం) నట్లు బిగించి ఉన్నాయా, తెడ్డును పట్టి ఉంచే గేట్ మూసి ఉందా, పడవ ముక్కుకు రక్షణగా బాల్ ఉందా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడవకు బిగించిన బూట్ల మడమను పట్టి ఉంచే తాడు. పడవ తిరగబడితే పాదం బయటికి వచ్చేది దానివల్లే. అది తెగి ఉంటే ఆ రోజు ఆ పడవ నీళ్లలోకి వెళ్లకూడదు, రేసు ఎంత దగ్గరున్నా సరే.

2000 మీటర్ల పందెం కోసం ముందు నెలల తరబడి నెమ్మదిగా, నిమిషానికి 18–20 స్ట్రోకుల రేటులో ఎక్కువ దూరాలు తెడ్డు వేయించాలి.