లేయా అంటే అలసినదా, ఆవా?

బైబిల్లో యాకోబు మొదటి భార్య లేయా మాటెత్తితే చాలు, అందరూ ముందు ఆమె కళ్ళ దగ్గరికే వెళ్తారు. మన తెలుగు బైబిల్ ఆదికాండం 29లో "జబ్బు కండ్లు" అనేసింది మరి, నేనూ చాలాకాలం ఆమెకు చూపు సరిగా ఆనేది కాదనే అనుకున్నాను. హీబ్రూలో అక్కడున్న మాట "రక్కోత్", అంటే మెత్తనివి, లేతవి. అబ్రాహాము అతిథుల కోసం వండించిన లేతదూడకి వాడిందీ ఆ మాటే. బలహీనమైన కళ్ళు అని అర్థం లాగొచ్చు గానీ, జబ్బు అనడం మరీ ఎక్కువ.

పేరుదీ ఇదే గొడవ. అలసిపోవడం అనే అర్థమున్న హీబ్రూ ధాతువు నుంచి వచ్చింది కాబట్టి "అలసినది" అంటారు కొందరు. ప్రాచీన మెసొపొటేమియా భాష అయిన అక్కాడియన్‌లో "లిత్తు" అంటే ఆవు, లేయా అన్నా అదే అంటారు ఇంకొందరు. నా ఓటు ఆవుకే. చెల్లెలు రాహేలు పేరుకి ఆడగొర్రె అని అర్థం, మందలే ఆస్తిగా హారానులో బతికిన లాబాను కూతుళ్ళకి అలాంటి పేర్లు పెట్టుకోవడంలో వింతేముంది?

అయితే ఆమె మనసు తెలిసేది తన పేరులో కాదు, పిల్లలకి తాను పెట్టిన పేర్లలో. యాకోబు ఏడేళ్ళు కొలువు చేసింది రాహేలు కోసం, పెళ్ళిరాత్రి లాబాను మోసం చేసి పెద్దకూతుర్ని పంపాడు, తెల్లారి చూస్తే పక్కన లేయా! తర్వాత రాహేలునూ చేసుకున్నాడు. అలా మొదలైన కాపురం. రూబేను అంటే "ఇదిగో, కొడుకు", ఇకనైనా మొగుడు ప్రేమిస్తాడని ఆశ. షిమ్యోను, తన బాధ దేవుడు విన్నాడని. లేవి, ఈసారైనా భర్త తనతో కలిసి ఉంటాడని. నాలుగోవాడు యూదా దగ్గరికి వచ్చేసరికి మొగుడి ఊసే లేదు, ఈసారి యెహోవాను స్తుతిస్తానంటుంది, అంతే.

ప్రసంగాల్లో ఎక్కువగా ఇక్కడే ఆపేస్తారు, లేయా మారిపోయిందని. కానీ తర్వాతి అధ్యాయంలో కొడుకు తెచ్చిన పుత్రదాత పండ్లు (తింటే పిల్లలు పుడతారని నమ్మేవారు) చెల్లెలికిచ్చి, బదులుగా ఒక్క రాత్రికి భర్తను దక్కించుకుంది కదా! ఆ తర్వాత పుట్టినవాడే ఇశ్శాఖారు. ఆరోవాడు జెబూలూను పుట్టినప్పుడు కూడా "ఇప్పుడు నా భర్త నాతో కాపురముంటాడు" అనే అంది. ఆశ ఎక్కడికీ పోలేదు.

ఆమె ఎప్పుడు చనిపోయిందో ఆదికాండం చెప్పదు. యాకోబు ఐగుప్తులో ప్రాణం విడుస్తూ, తనని తాతతండ్రుల సమాధి అయిన మక్పేలా గుహలోనే పాతిపెట్టమని కొడుకులకి చెప్తూ, అక్కడే లేయాను పాతిపెట్టానన్నాడు. ప్రేమించి చేసుకున్న రాహేలు సమాధేమో బేత్లెహేముకి వెళ్ళే దారి పక్కనే ఉండిపోయింది.